బండి ఒకరిది, పేరు ఇంకొకరిది

పాకాల: మామిడి కాయ కోతకొచ్చిందంటే దామలచెరువు మండీల ముందు బళ్ల వరుస మొదలవుతుంది. ట్రాక్టర్లు, టాటా ఏస్‌లు, 407లు, వాటి మధ్య బొలెరో పికప్పులు. వీటిలో కంపెనీ షోరూము నుంచి నేరుగా ఊరికి వచ్చినవి ఎన్నో, నాలుగు చేతులు మారి వచ్చినవి ఎన్నో పైపైన చూస్తే తెలియదు. రంగు కొత్తగానే ఉంటుంది. అద్దం మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ, బంపరుకు నిమ్మకాయలు, వెనక తలుపు మీద బిడ్డల పేర్లు అన్నీ ఉంటాయి. ఆర్.సి. తీసి చూస్తే మాత్రం అందులో పేరు పీలేరు ఆయనదో, పుంగనూరు ఆయనదో, ఒక్కోసారి కాలం చేసి రెండేళ్లయిన పెద్దమనిషిదో అయి ఉంటుంది.

పల్లెల్లో ఇది పరిపాటి అయిపోయింది. బండి ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టడానికి చూపే తొందర, ఆర్.సి.లో పేరు మార్పించుకోవడానికి చూపరు. ఏళ్ల తరబడి అలాగే తిప్పుతారు. ఏమీ జరగనంత కాలం ఏమీ జరగదు. జరిగిన రోజున మాత్రం బండి అమ్మిన ఇల్లు, కొన్న ఇల్లు, దెబ్బ తగిలిన ఇల్లు, మూడూ కలిసి రోడ్డున పడతాయి.

పాత బండి కొనడమే తప్పని ఎవరూ అనరు. పెద్ద లారీ అక్కరలేని చోట, ట్రాక్టరు పోలేనంత దూరానికి రైతు సరుకు తోలేందుకు 1986లో టాటా 407 వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చాక ఒక టన్ను లోపు సరుకుకు కూడా సొంత బండి పెట్టుకోవచ్చన్న ఆశ చిన్న రైతుకు పుట్టింది. ఆ రెంటికీ నడుమ పికప్పు నిలబడింది. టన్నున్నర కాయ ఎత్తుతుంది, తోటలోకి పోతుంది, మదనపల్లె టమోటా మార్కెట్టుకు తెల్లారేలోగా చేరుతుంది. కొత్తది కొనాలంటే లక్షలు పోయాలి గనుక పాతది వెతుక్కుంటారు. అందులో తప్పేమీ లేదు.

చిక్కంతా కొనే తీరులో ఉంది. బేరం టీ అంగడి దగ్గర మొదలవుతుంది. బ్రోకరు ఉంటాడు. వాడు బయటివాడు కాడు, వరసకు అల్లుడో తమ్ముడో అవుతాడు. అతని మాట ఇలా ఉంటుంది: "బండి నిఖార్సుగా ఉండాది మామా. సింగిల్ హ్యాండు. కాగితాలకేముంది, ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చేస్తాడు. నీకు తీరుబాటు అయినప్పుడు మార్పించుకుందువు." తీరుబాటు ఎవరికీ కాదు. కాయల కాలం పోయి టమోటా కాలం వస్తుంది, టమోటా పోయి ఇటుకల బాడుగ వస్తుంది. ఆ ఫారాలు అద్దం పైన సంచిలో పసుపుపచ్చబడతాయి. తర్వాత అదే బండిని ఇంకొకరికి అమ్మేటప్పుడు అవే ఫారాలు చేతులు మారతాయి.

ఆ ఫారాలు ఏమిటో కొనేవారిలో చాలామందికి తెలియదు. 29వ నంబరు ఫారం బండి అమ్మానని అమ్మినవాడు రవాణా శాఖకు ఇచ్చే సమాచారం. 30వ నంబరు ఫారం పేరు మార్చమని పెట్టే దరఖాస్తు. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు, 30 రోజుల్లో కొన్నవాడు ఆఫీసుకు తెలపాలి. ఖాళీ ఫారం మీద సంతకం చేసి ఎవరి చేతికో ఇవ్వడమంటే ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం చేసి ఇచ్చినట్టే. నోటు విషయంలో జంకే మనిషి బండి ఫారం దగ్గర జంకడు, అదే విచిత్రం.

ముందు అమ్మినాయన సంగతి చూద్దాం. డబ్బు చేతికొచ్చింది, బండి పోయింది, ఇక నాకేమి అనుకుంటాడు. చట్టం అలా అనుకోదు. బండి యజమాని అంటే రిజిస్టరులో ఎవరి పేరు ఉందో ఆ మనిషే అని చట్టమే చెబుతోంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇటువంటి కేసులోనే తీర్పు చెప్పింది. ఒకాయన 2007లో బండి అమ్మాడు. అది చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగింది. అప్పటికి బండి ఆయన దగ్గర లేదు, ఎవరు నడుపుతున్నారో కూడా ఆయనకు తెలియదు. అయినా రిజిస్టరులో పేరు ఆయనదే ఉన్నందున నష్టపరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. దెబ్బ తగిలినవారు ఒక్కొక్క చేతినీ వెతుక్కుంటూ పోవలసిన పని లేదని దాని భావం.

ఇందులో అమ్మినాయన చేసిన నేరమేమిటని ఎవరైనా అడగవచ్చు. దెబ్బ తగిలిన మనిషి వైపు నుంచి చూస్తే జవాబు దొరుకుతుంది. కాలు విరిగి మంచంలో ఉన్న కూలీ, బండి పీలేరులో ఎవరి చేతికి పోయింది, అక్కడి నుంచి కల్లూరులో ఎవరికి పోయింది అని తిరగగలడా? ఆ మనిషికి దొరికేది నంబరు ప్లేటు ఒక్కటే. ప్లేటు వెనక ఉన్న పేరు దగ్గరికే చట్టం పోతుంది. అది న్యాయమే. కానీ బీమా కూడా లేకపోతే, పదేళ్ల కిందట అమ్ముకున్న బండి కోసం ఇవాళ పొలం మీదికి జప్తు వచ్చే ప్రమాదం కూడా అంతే నిజం.

కొన్నాయన దీనితో తప్పించుకున్నాడని కాదు. ఆర్.సి.లో పేరు లేనివాడు తన బండి మీదనే అప్పు పుట్టించుకోలేడు. బీమా కాగితం పాత పేరు మీదనే నడుస్తుంటే ఎదుటివారికి కలిగే నష్టం వరకు ఆ బీమా బండి వెంటనే వస్తుందని 157వ సెక్షన్ చెబుతుంది. సొంత బండి నుజ్జయిపోతే మాత్రం ఆ వెసులుబాటు లేదు. బీమా పత్రం కూడా తన పేరు మీదికి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాసుకోవాలి. రాసుకోని మనిషి రిపేరు ఖర్చు కోసం పోతే, బీమా నీ పేరున లేదు, బండీ నీ పేరున లేదు అన్న మాట వినవలసి వస్తుంది. కట్టిన ప్రీమియం తనదే, పేరు మాత్రం వేరొకరిది.

అసలు యజమాని చనిపోయి ఉంటే కథ ఇంకా ముదురుతుంది. బతికి ఉండగా ఆయన పెట్టిన సంతకం ఫారం మీద ఉందిలే అని కొందరి ధైర్యం. చనిపోయిన మనిషి పేర ఉన్న బండి ముందు వారసుల పేరు మీదికి రావాలి. దానికి వేరే ఫారం, 31వ నంబరుది. ఆ కుటుంబంలో అన్నదమ్ములకు పొత్తు కుదరకపోతే కొన్న మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఉండాల్సిందే. డబ్బు మాత్రం ఎప్పుడో ఇచ్చేసి ఉంటాడు.

ఇక ఫైనాన్సు. ఆర్.సి.లో హైపోతికేషన్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ బ్యాంకు పేరో ఫైనాన్సు కంపెనీ పేరో ఉంటే ఆ బండి మీద అప్పు ఉన్నట్టు, లేదా తీరిన అప్పును ఇంకా కొట్టేయించనట్టు. అప్పు తీరితే కంపెనీ వారు 35వ నంబరు ఫారం మీద సంతకం చేసి ఇస్తారు. అది లేకుండా పేరు మారదు. "కంతులన్నీ కట్టేసినాన్నా, ఒక్కటే మిగిలింది" అన్న మాట విని డబ్బిచ్చిన వాళ్లు, తెల్లారేసరికి ఇంటి ముందు బండి లేకపోతే ఎవరిని అడుగుతారు? కంపెనీ వారి లెక్కలో ఆ ఒక్క కంతు ఆరు కంతులై ఉండవచ్చు. ఎంత బాకీ ఉందో అమ్మేవాడి నోటి నుంచి కాదు, కంపెనీ వారి కాగితం మీద చూడాలి. వీలయితే బాకీ మేరకు డబ్బు నేరుగా కంపెనీకే కట్టి, మిగిలినదే అమ్మినాయన చేతికి ఇవ్వాలి.

ఇంటింటికీ రేషన్ బియ్యం చేరవేయడానికి 2021 జనవరిలో రాష్ట్రంలో 9,260 బళ్లు ప్రవేశపెట్టారు. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆగి, బియ్యం మళ్లీ చౌకధరల దుకాణాలకే వచ్చింది. ఆ బళ్లు చిన్నవి, పికప్పు అంత బరువు లాగవు. చూడడానికి మాత్రం కొత్తగా ఉంటాయి. అలాంటి బండి ఎవరైనా అమ్మజూపితే దాని మీద బ్యాంకు హక్కు పోయిందా, అమ్మే మనిషికి అమ్మే హక్కు ఉందా అన్నది తేలాకే అడ్వాన్సు మాట ఎత్తడం మేలు.

కాట్పాడి, వేలూరు వైపు నుంచి, కోలారు వైపు నుంచి చౌకగా వస్తున్నాయని బళ్లు తెచ్చేవారూ ఉన్నారు. పక్క రాష్ట్రం బండికి అక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడ కొత్త నంబరు వేయించుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. అవన్నీ కలుపుకుంటే ఆ చౌక ఎంత మిగులుతుందో ముందే లెక్క చూసుకోవాలి. నంబరు ప్లేటు చూసి వయసు పోల్చుకోవడానికి ఒక గుర్తు: చిత్తూరు జిల్లా పాత నంబరు ఏపీ 03. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్న ఒకే వరుస మొదలైంది. ఏపీ 03 అని ఉంటే అది అంతకు ముందరి బండే. అమ్మేవాడు 2020 మోడలు అంటే నమ్మనక్కరలేదు.

వయసు ఎందుకు ముఖ్యమంటే ఎఫ్.సి. కోసం. సరుకు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ప్రతి ఏటా ఎఫ్.సి. చేయించాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన బళ్లకు ఈ రుసుము బాగా పెంచారు. ఎఫ్.సి. గడువు తీరిన బండికి రిజిస్ట్రేషను ఉన్నా లేనట్టే లెక్క. మూడు నెలల్లో ఎఫ్.సి. పోయే బండిని నెల ముందు రంగు వేసి అమ్మడం బ్రోకర్లకు తెలిసిన విద్యే. ఎఫ్.సి., బీమా ఎప్పటి వరకు ఉన్నాయో ఇప్పుడు సెల్‌ఫోనులోనే ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి చూడవచ్చు. ఇంట్లో కాలేజీ చదివే బిడ్డ ఉంటే అయిదు నిమిషాల పని.

ఆర్.సి.లో మొత్తం బరువు అని ఇంకొక అంకె ఉంటుంది. బండి, సరుకు కలిపి 3,000 కిలోలు మించని బండికి పర్మిట్టు అక్కరలేదు. పికప్పుల్లో ఆ లోపువీ ఉన్నాయి, ఆ పైవీ ఉన్నాయి. పేరొక్కటే కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని మామూలు కారు లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ పేరు చెప్పి బీమా ఎగ్గొట్టే వీలు ఇక లేదు.

యంత్రం సంగతి మెకానిక్కులు చెప్పాలి. చెప్పే మెకానిక్కు మాత్రం బ్రోకరు తెచ్చిన మనిషి కారాదు. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే పోయి స్టార్టు చేయించాలి. ఇంటికి పోయేసరికే ఇంజను వేడిగా ఉంటే ఆ వేడికి ఏదో కారణం ఉంటుంది. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే అక్కడి నుంచి పొగ బుసబుస కొడుతుంటే ఇంజను పని దగ్గర పడింది. రంగు పైన ఉంటుంది, రోగం కింద ఉంటుంది. టమోటా రసం, మామిడి సొన, యూరియా బస్తాల నుంచి రాలిన ఉప్పు కలిసి తొట్టి అడుగును తినేస్తాయి. టన్నున్నర బండికి రెండున్నర టన్నులు ఎత్తిన వాళ్లు చాసిస్‌కు వెల్డింగు పెట్టించి ఉంటారు. బండి కింద పడుకొని టార్చిలైటు వేసి చూడాలి. పంచె నలుగుతుందని పెద్దమనిషి నిలబడే చూస్తే నష్టం ఆయనకే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, వచ్చిన అంకెలను ఆర్.సి.తో సరిచూసుకోవాలి.

ధర మాట కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బళ్ల మీద జి.ఎస్.టి. నూటికి 28 నుంచి 18కి తగ్గింది. కొత్త బండి ధర దిగినప్పుడు పాత బండి ధర కూడా దిగాలి కదా. అంతకు ముందరి రేట్లు చెప్పేవాడి దగ్గర ఈ మాట ఎత్తడానికి మొహమాటం అక్కరలేదు.

అయితే ఇంతకన్నా ముందు వేసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. అసలు బండి కావాలా? నాలుగు లక్షల బండికి లక్ష చేతినుంచి పెట్టి మూడు లక్షలు అప్పు తెచ్చారనుకుందాం. ఫైనాన్సు వారు నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటారు. ఊరి వడ్డీ కన్నా తక్కువే అని సంతోషం. మూడు లక్షల మీద మూడేళ్లకు వడ్డీ 1,08,000. మొత్తం 4,08,000 రూపాయలను 36 కంతులు చేస్తే నెలకు 11,333 పడుతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, కంతు కట్టిన కొద్దీ అసలు తగ్గుతూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరి దాకా మొత్తం మూడు లక్షల మీదనే వేశారు. తగ్గే అసలు మీద సరిగ్గా లెక్క కడితే అది రూపాయి వడ్డీ కాదు, రూపాయి ముప్పావలా పైమాటే. ఏడాదికి నూటికి 21 దాటుతుంది. దీన్నే వాళ్లు ఫ్లాట్ వడ్డీ అంటారు. తగ్గే బాకీ మీద వడ్డీ ఎంత అని గట్టిగా అడిగితే తప్ప చెప్పరు.

రెండెకరాల మామిడి ఉన్న రైతు ఇంట్లో కాపు ఆరేడు టన్నులు వచ్చిందనుకున్నా అది పికప్పుకు అయిదు ట్రిప్పులు. ఏడాదిలో అయిదు ట్రిప్పుల కోసం నెలనెలా 11,333 కట్టడం ఎవరికీ గిట్టదు. కనుక ఊరి వాళ్ల బాడుగ మీదనే బండి బతకాలి. కాయ కాలం మే నుంచి జూలై దాకా. తక్కిన తొమ్మిది నెలలూ డ్రైవరు సీట్లో కూర్చొని బాడుగ వెతికే మనిషి ఇంట్లో ఉన్నాడా? ఉంటే బండి అన్నం పెడుతుంది. లేకపోతే డ్రైవరు జీతం, డీజిలు, టైర్లు పోగా రైతు చేతికి మిగిలేది ఇంటి ముందు బండి ఉందన్న పేరు మాత్రమే. అది కూడా, పైన చెప్పినట్టు, ఆర్.సి.లో ఉండదు.

2025 కాయ కాలం అందరికీ గుర్తుండే ఉంటుంది. తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి బళ్లు నిలబడ్డాయి. బాడుగకు తెచ్చిన రైతు వెయిటింగు డబ్బులకు ఏడ్చాడు. సొంత బండి ఉన్నాయన అంత ఏడవలేదు గాని, కాయ దిగేదాకా బండి ఇంకో బాడుగకు పోలేదు. కంతు తేదీ మాత్రం ఆగలేదు.

ఇంకొక సంగతి దాటవేయరానిది. సరుకు దించి తిరిగొచ్చేటప్పుడు, కోతలకు కూలీలను తోలేటప్పుడు, పెళ్లికి, కాణిపాకానికి, తలకోనకు పోయేటప్పుడు పికప్పు తొట్టిలో జనం ఎక్కడం మామూలైంది. సరుకు యజమాని, లేదా ఆయన పంపిన మనిషి సరుకుతో పాటు కూర్చుంటే 1994 సవరణ తర్వాత బీమా ఉంది. ఊరికే ఎక్కినవారికి లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. తొట్టిలో ఇరవై మంది ఉన్నప్పుడు బండి బోల్తా పడితే ఆ ఇరవై కుటుంబాలకు చెప్పవలసిన జవాబు రిజిస్టరులో ఉన్న పేరుదే. ఆ పేరు గల మనిషి ఆ సమయానికి పుంగనూరులో తన అరుగు మీద కూర్చొని, ఆ బండి సంగతే మరిచిపోయి ఉండవచ్చు.

ప్రజలను అనడం తేలిక. ఆఫీసు వైపు కూడా చూడాలి. దరఖాస్తు ఇంటర్నెట్టులో పెట్టుకోవచ్చునని అంటున్నారు. నిజమే. కానీ పల్లెలో ఆ పని తెలిసినవాడు మళ్లీ ఆ బ్రోకరే. రుసుము ఎంత, బ్రోకరు అడిగేది ఎంత అన్న తేడా తెలియకనే చాలామంది పేరు మార్పును వాయిదా వేస్తున్నారు. రుసుముల పట్టిక, కావలసిన ఫారాల జాబితా తెలుగులో రాసి ప్రతి ఊరి సచివాలయంలో అంటించడానికి పెద్ద ఖర్చు కాదు. పాకాల రైలు జంక్షను. ధర్మవరం, కాట్పాడి, తిరుపతి దారులు ఇక్కడ కలుస్తాయి. చుట్టుపక్కల మండలాల వాళ్లు కూడా వచ్చిపోయే ఊరు. రవాణా శాఖ వారు ఏప్రిల్‌లో, కాయలు కోతకు రాకముందే, ఇక్కడ గాని దామలచెరువులో గాని రెండు రోజులు శిబిరం పెడితే, అమ్మినవాడు, కొన్నవాడు ఒకే బల్ల ముందు కూర్చొని సంతకాలు పెట్టగలరు. సంచుల్లో పసుపుపచ్చబడిన ఫారాలు ఎన్ని బయటికి వస్తాయో అప్పుడు తెలుస్తుంది.

అంతదాకా కొనేవారి చేతిలో ఉన్న ఉపాయం ఒకటే. బేరం కుదిరిన రోజు మొత్తం డబ్బు ఇవ్వకుండా, పేరు మారిన ఆర్.సి. చేతికొచ్చేదాకా ముప్పై, నలభై వేలు నిలిపి ఉంచుకోవడం. దాన్ని కాగితం మీద రాసుకొని ఇద్దరూ సంతకాలు చేయడం. అమ్మేవాడికి కూడా ఇదే మేలు, ఆయన పేరు బండి మీద నుంచి దిగిపోతుంది గనుక. "ఏంది మామా, నా మీద నమ్మకం లేదా?" అని బ్రోకరు అల్లుడు నొచ్చుకుంటాడు. నొచ్చుకోనివ్వాలి.